సర్ రొనాల్డు రాసు

ఒకప్పుడు తెలుగుదేశమున మన్యమునకు పోవలయునన్నచో జనులు జంకెడివారు. అడవిలోని పులికన్నను వారిని ఎక్కువగా భయపెట్టినది మన్యపు జ్వరము. మొదట పండ్లు కఱచుకొను చలి, పిమ్మట నిప్పువంటి వేడి, ఆ పిమ్మట ఒడలెల్ల చెమట; ఒకనాడు విడిచి మఱునాడు మరల అదే వరుస. రోగి చిక్కి శల్యమగును. ప్లీహము పెరిగి పొట్ట గట్టిపడును. అనేకులు కొలదికాలముననే మరణించుచుండిరి. ఈ జ్వరమే మైదానములందు చలిజ్వరమనియు, ఇంగ్లీషు వైద్యుల నోట మలేరియా యనియు పిలువబడినది. మలేరియా అనునది ఇటలీ దేశపు మాట. చెడుగాలి అని దాని అర్థము. పల్లపు నేలలనుండియు బురదగుంటలనుండియు లేచు చెడుగాలియే ఈ రోగమునకు కారణమని జనులు చిరకాలము నమ్మిరి. సింకోనా చెట్టు బెరడునుండి తీసిన క్వినైను దీనికి మందని వైద్యులెఱుగుదురు. కాని రోగము ఒకరినుండి మఱియొకరికి ఎట్లు వచ్చుచున్నదో ఎవ్వరును ఎఱుగరు. ఆ రహస్యపు ముడి వీడినది హైదరాబాదు నగరమునకు చేరువనున్న బేగంపేటలో, 1897 వ సంవత్సరము ఆగస్టు 20 వ తేదీ మధ్యాహ్నమున. దానిని విప్పినవాడు రొనాల్డు రాసు అను సైనిక వైద్యుడు.

రాసు 1857 వ సంవత్సరము మే 13 వ తేదీన కుమావూను కొండలలోని అల్మోడా పట్టణమున జన్మించెను. మీరట్టులో సిపాయిలు తిరుగబడి అప్పటికి మూడు దినములే అయ్యెను. తండ్రి క్యాంబెలు రాసు భారత సైన్యమున అధికారి. తరువాత సేనాపతి పదవి నందెను. ఆయన పదిమంది సంతానములో రొనాల్డు పెద్దవాడు. ఆనాటి ఆంగ్లేయుల ఆచారము ననుసరించి, ఎనిమిదేండ్ల ప్రాయమున బాలుని ఇంగ్లండునకు పంపిరి. అచ్చట బంధువుల ఇంట పెరుగుచు అతడు చదువుకొనెను.

ఆ బాలునకు వైద్యముపై ఏమాత్రమును మక్కువ లేదు. కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము, గణితము - ఇవియే అతనికి ప్రాణము. పదునాఱవ యేట చిత్రలేఖన పరీక్షలో ప్రథమ స్థానము నందెను. చిత్రకారుడు కావలయునని అతని కోరిక. తండ్రికి మాత్రము కుమారుడు భారతదేశపు వైద్యోద్యోగములో చేరవలయునని పట్టుదల. తండ్రి మాటయే నెగ్గెను. 1874 లో రాసు లండనునందలి సెంట్ బార్తలోమ్యూ వైద్యశాలలో విద్యార్థిగా చేరెను. మనసు లేని చదువు సాగవలసినట్లే సాగెను. పాఠములు వినుటకంటె పాటలు కట్టుటయందే కాలమెక్కువ గడచెను. రెండు పరీక్షలలో ఒకదానియందు తప్పెను. కొంతకాలము అట్లాంటిక్ మహాసముద్రముపై తిరుగు ఓడలో వైద్యుడుగా పనిచేసి, తిరిగి చదివి, 1881 లో ఉత్తీర్ణుడై, ఆ యేడే భారతదేశమునకు వచ్చెను.

తరువాతి యేండ్లలో ఆయన మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాను దీవులు మొదలగు చోట్ల పనిచేసెను. పని తక్కువ, తీరిక ఎక్కువ. ఆ తీరికలో పద్యములు వ్రాసెను, నవలలు వ్రాసెను, గణితగ్రంథములు తిరుగవేసెను. ఈ కాలమును గూర్చి చెప్పదగిన విషయము ఒకటే కలదు. 1883 లో బెంగుళూరున ఆయన నివసించిన బంగళాలో దోమలు మిక్కుటముగా నుండెను. కారణమేమని చూడగా, కిటికీ వెలుపల నీళ్ళతొట్టిలో దోమపిల్లలు పురుగులవలె కదలాడుచుండెను. రాసు ఆ తొట్టిని బోర్లించెను; దోమలు తగ్గెను. దండులోని తొట్లన్నిటిని ఇట్లే చేయింతమని ఆయన పై యధికారితో చెప్పగా, సృష్టిక్రమమునకు అడ్డుతగులుట తగదని ఆ యధికారి త్రోసిపుచ్చెను. తొట్లు అట్లే యుండెను. దోమలును అట్లే యుండెను.

1880 లో ఆల్జీరియాయందు పనిచేయుచున్న లావెరాను అను ఫ్రెంచి సైనిక వైద్యుడు మలేరియా రోగుల రక్తములో ఒక సూక్ష్మజీవిని చూచెను. అది ఎఱ్ఱకణములలో చొరబడి, వానిలోని ఎఱ్ఱని పదార్థమును తినివేసి, నల్లని రేణువులను మిగుల్చును. రాసు ఎంత వెదకినను ఆ జీవి ఆయనకు కానరాలేదు. లావెరాను చెప్పినది వట్టిమాట యని ఆయన వాదించెను కూడ. 1894 లో సెలవుపై లండనునకు పోయినప్పుడు పాట్రికు మాన్సను అను వైద్యుని కలిసికొనెను. మాన్సను చీనాదేశమున పనిచేసిన అనుభవశాలి. బోదకాలు పురుగులు దోమల కడుపులో పెరుగునని 1877 లోనే కనుగొన్నవాడు. ఆయన రాసును సూక్ష్మదర్శిని ముందు కూర్చుండబెట్టి లావెరాను చెప్పిన జీవిని చూపెను. రాసు సందేహము తీరెను. అంతటితో ఆగక మాన్సను తన ఊహ యొకటి బయటపెట్టెను. రోగి రక్తముతోకూడ ఈ జీవులు దోమ కడుపులోనికి పోవుననియు, అచ్చట పెరుగుననియు, నీటిలో గ్రుడ్లు పెట్టి దోమ చచ్చిపోగా ఆ నీరు త్రాగిన వారికి రోగము వచ్చుననియు ఆయన భావించెను. ఈ ఊహలో సగము నిజము, సగము పొరపాటు. ఏది ఏ సగమో తేల్చుట రాసు వంతయ్యెను.

1895 ఏప్రిల్ నెలలో రాసు సికిందరాబాదు చేరి 19 వ మద్రాసు పదాతిదళమునకు వైద్యుడుగా నియమింపబడెను. అది ఆఱవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను ఏలుబడి. హుస్సేనుసాగరమునకు ఆవల ఇంగ్లీషువారి దండు. బేగంపేటలో సిపాయిల వైద్యశాల. అచ్చటి చిన్నగదిలో ఒక బల్ల, ఒక సూక్ష్మదర్శిని, కొన్ని గాజుపలకలు, రెండు సూదులు - ఇంతే ఆయన పరిశోధనాలయము. దొర ఈ పనికై ఎవ్వరినుండియు ధనసహాయము పొందలేదు. రక్తము నిచ్చిన రోగులకును, దోమలచే కుట్టించుకొన్న వారికిని తన జీతమునుండియే డబ్బిచ్చెడివాడు. మాన్సను ఊహను పరీక్షించుటకై, దోమలు చచ్చిపడిన నీటిని కొందఱిచేత త్రాగించెను కూడ. ఒకనికి కొలదిగా జ్వరము వచ్చెను గాని రక్తములో సూక్ష్మజీవి కానరాలేదు. తక్కినవారికి ఏమియు కాలేదు. వారికి డబ్బు ముట్టినమాట నిజమే. అయినను పేదవానికి డబ్బిచ్చి ప్రమాదపు నీరు త్రాగించు పద్ధతిని నేటి వైద్యశాస్త్రము అంగీకరింపదు.

రాసు పడిన శ్రమ తెలియవలెనన్న సూక్ష్మదర్శినిలోని వెలుతురును గూర్చి కొంత తెలిసికొనవలెను.

సూక్ష్మదర్శినిలో చూడదలచిన వస్తువు పలుచనై యుండవలెను. వెలుతురు దానిపై పడి తిరిగివచ్చుట కాదు, క్రిందినుండి దానిగుండ దూసికొని పైకి రావలెను. ఇందులకై బల్లకు దిగువ ఒక చిన్న అద్దముండును. అది కిటికీలోని వెలుగును పైకి మరల్చును. అద్దమునకును గాజుపలకకును నడుమ కండెన్సరు అను కటకము కాంతిని ఒకచోటికి కూర్చును. దానికి దిగువ కంటిపాపవలె చిన్నదిగను పెద్దదిగను చేయదగిన ద్వారము కలదు. దానిని డయాఫ్రము అందురు. కొత్తగా నేర్చుకొనువారు కటకములు ఎంత పెద్దవి చేసి చూపునో అని అడుగుదురే గాని వెలుతురును పట్టించుకొనరు. నిజమునకు, సూక్ష్మదర్శిని పనిలో సగము వెలుతురును కుదుర్చుకొనుటయే.

పాఠశాలలో ఉల్లిపొరను పలకపై పఱచి చూచినవారికి ఈ సంగతి అనుభవమునకు వచ్చియే యుండును. డయాఫ్రమును పూర్తిగా తెఱచినచో పొర అంతయు తెల్లని వెలుగులో కరిగిపోయినట్లుండును. కణముల గోడలు కానరావు. ద్వారమును కొంచెము మూసినచో గోడల అంచులు గీతలు గీసినట్లు తేలివచ్చును. రంగులేని పారదర్శక వస్తువులకు ఇట్టి సన్నని వెలుగే మేలు. కాని నాచు ఆకులోని పచ్చని రేణువులను చూడదలచినప్పుడు సంగతి వేఱు. వానికి సొంతరంగు కలదు. అట్టివానికి ద్వారము విశాలముగా తెఱచి నిండు వెలుగు నీయవలెను. అప్పుడు అంచులు పలుచబడి రంగు స్పష్టమగును. జర్మనీ వైద్యుడు కోకు ఈ భేదమును బాగుగా గుర్తించి, రంగు పట్టించిన సూక్ష్మజీవులను నిండు వెలుగులో చూడవలయునని చెప్పెను. ఒకే పలకపై రెండు తెఱగుల వస్తువు లున్నప్పుడు వెలుతురును మార్చి మార్చి చూడక తప్పదు. మొదట అంచులకై ఒకసారి, పిమ్మట రంగులకై ఒకసారి.

మఱి వెలుతురు ఎచ్చటినుండి రావలెను? సూర్యుని ఎండ నేరుగా పడినచో కన్ను చెడును. నూనెదీపము పసుపువన్నె గలది. దాని మంటయే నీడవలె వస్తువుపై పడి చూపును చెఱచును. ఆనాటి అనుభవజ్ఞులకు మిక్కిలి ఇష్టమైనది తెల్లని మేఘము మీది వెలుగు. అది మెత్తనిది, అంతట సమముగా పఱచుకొనునది. దీపపు వెలుగును సమము చేయు ఉపాయమును జర్మనీ దేశపు ఆగస్టు కోలరు 1893 లో కనుగొనెను. నత్తజాతి జీవులను సూక్ష్మదర్శినితో ఛాయాచిత్రములు తీయుచు, దీపపు మంట ఆకారము చిత్రములో పడుటచే ఆయన విసిగెను. మంట ప్రతిబింబమును వస్తువుపై పడనీయక, కండెన్సరు ద్వారమువద్ద పడునట్లు ఆయన అమర్చెను. వస్తువు నిండ సమమైన వెలుగు పఱచుకొనెను. నేడు సూక్ష్మదర్శిని గుండ మొక్కల కణములను చలనచిత్రము తీయువారు పెక్కురు ఈ పద్ధతినే అనుసరించుచున్నారు. దీపములు మాత్రము మారినవి. వేడి తక్కువగల ఎల్‌ఇడి దీపములు వచ్చినవి. సజీవమైన ఆకును చిత్రించునప్పుడు ఇది గొప్ప సదుపాయము. తీవ్రమైన దీపమును గంటలకొలది నిలిపినచో వేడిచే నీరు ఇగిరిపోవుటయే గాక, ఆకులోని పచ్చని రేణువులు వెలుగునుండి తప్పించుకొనుటకై కణపు ప్రక్కగోడలకు జరిగిపోవును. చూడవచ్చిన వస్తువు చూచు వెలుగుచేతనే మారిపోవును.

బేగంపేట గదిలో రాసునకు కెమేరా లేదు, మంచి దీపము లేదు. ఆయనకు కలది కిటికీలోని పగటి వెలుగు, చిన్ననాట నేర్చిన చిత్రకళ. చూచినదానిని చూచినట్లు పెన్సిలుతో గీయగల చేయి ఆ సమయమున కెమేరా చేయవలసిన పని చేసెను. తండ్రి వలదన్న విద్య తుదకు ఆయనకు ఇట్లు అక్కఱకు వచ్చెను.

1895 లో ఆయన ఎన్నో దోమలను కోసి చూచెను. రోగిని దోమతెరలో పరుండబెట్టి దోమలను వదలుట, అవి రక్తము త్రాగిన పిమ్మట సీసాలలో పట్టి ఉంచుట, రోజున కొకటి చొప్పున చంపి సూదులతో చీల్చి కణము వెంట కణము పరీక్షించుట - ఇది పని. దోమ కడుపులో సూక్ష్మజీవి మొదటి గంటలలో రూపము మారుట కనబడెను గాని తరువాత దాని జాడ లేదు. కారణము నేడు మనకు సులభముగా తెలియును. ఆయన పెంచినవి ఇండ్లలో సాధారణముగా నుండు బూడిదవన్నె దోమలును చారల దోమలును. వానిలో మనుష్యుల మలేరియా జీవి పెరుగదు. దోమలలో ఇన్ని జాతులు కలవనియు, వానిలో ఏదో యొకటియే దోషియై యుండవచ్చుననియు చెప్పు గ్రంథము ఆయనయొద్ద లేదు. రెండేండ్ల శ్రమ దోషికాని దోమలపై వ్యయమయ్యెను. ఆ సమయమున మాన్సనుకు ఆయన వ్రాసిన ఉత్తరములలో ఆశయు నిరాశయు మార్చి మార్చి కనబడుచుండును.

ఈ నడుమ ప్రభుత్వము ఆయనను కలరా నివారణకై బెంగుళూరునకు పంపెను. 1897 వేసవిలో సెలవుపై నీలగిరులకు పోయినప్పుడు సిగూరు కనుమలో ఆయనకే మలేరియా పట్టుకొనెను. అచ్చటనే గోడపై వ్రాలిన ఒక కొత్తరకపు దోమను చూచెను. దాని ఱెక్కలపై మచ్చలుండెను. అది తక్కిన దోమలవలె గోడకు సమముగా గాక తోక పైకెత్తి వాలుగా కూర్చుండెను. రాసు ఆ సంగతిని మనసున ఉంచుకొని, జూను నెలలో సికిందరాబాదునకు తిరిగి వచ్చెను.

ఆ యేట ఎండలు మిక్కుటము. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. మిగిలియున్న ఒకేయొక అక్షికటకము బీటవాఱెను. తలపై పంకా కలదు. కాని దానిని లాగించిన దోమలును దోమల తునుకలును ఎగిరిపోవును గనుక పంకా ఆపించి ఆయన ఉక్కలో కూర్చుండెను. చిన్న ఈగలు కన్నులచుట్టు ముసరుచుండెను. కొత్త దోమ దొఱకుట దుర్లభమయ్యెను. ఆగస్టు నడుమ ఆయన మనిషి యొకడు నీటిపురుగులను ఒక సీసాలో తెచ్చెను. వానినుండి వెలువడినవి చుక్కల ఱెక్కల దోమలు.

వైద్యశాలలో హుస్సేనుఖాను అను రోగి యుండెను. అతని రక్తములో మలేరియా జీవులు మెండు. ఆగస్టు 16 వ తేదీన అతనిని దోమతెరలో పరుండబెట్టి ఆ దోమలను విడిచిరి. కుట్టిన దోమ కొకటికి ఒక అణా చొప్పున అతనికి ముట్టెను. దోమలు కొలదిపాటివే. తరువాతి దినములలో కొన్నిటిని కోసి చూడగా ఏమియు తేలలేదు. కొన్ని తమంతట తామే చచ్చెను. 20 వ తేదీ ఉదయము రాసు వైద్యశాలలోని రోగులను చూచి, ఫలాహారము ముగించి, చచ్చిన దోమ నొకదానిని చీల్చి చూచెను. ఫలము లేదు. ఇక మిగిలినవి రెండు.

మధ్యాహ్నము ఒంటిగంట కావచ్చెను. కన్నులు అప్పటికే అలసియుండెను. ఆయన ఆ రెంటిలో ఒకదానిని చంపి పలకపై చీల్చెను. తల, ఱొమ్ము, ప్రేగులు అన్నియు వరుసగా చూచెను. ఏమియు లేదు. కడుపు ఒక్కటియే మిగిలెను. దానిని కణము విడువక చూచుటకు ఇంకొక అరగంట పట్టును. అప్పటికి ఆయన చూచిన దోమల కడుపులు వేయి వరకు నుండును. విడిచి లేచిపోయినను అడుగువారు లేరు. ఆయన లేవలేదు.

వెదకనారంభించిన కొలది క్షణములలోనే ఒక గుండ్రని గీత కనబడెను. దాని అడ్డుకొలత సుమారు 12 మైక్రానులు. మైక్రాననగా మిల్లీమీటరులో వెయ్యవ భాగము. దోమ కడుపులోని కణములన్నియు ఆయనకు చిరపరిచితములు. వానికి ఇంత స్పష్టమైన అంచు లేదు, ఇంత చిన్నదనమును లేదు. మఱికొంచెము జరిపి చూడగా అట్టిదే ఇంకొకటి, దాని ప్రక్క మఱియొకటి. అప్పుడు ఆకాశమున మబ్బు క్రమ్మియుండెను. గదిలో వెలుతురు చాలదు. రాసు డయాఫ్రమును పెద్దదిగా తెఱచి వెలుగు నెక్కువగా రానిచ్చి, కటకమును సవరించెను. ఆ గుండ్రని కణములలో ప్రతిదానియందును కాటుకవంటి నల్లని రేణువుల గుంపు కనబడెను.

సన్నని వెలుగు చూపినది అంచును. నిండు వెలుగు చూపినది రంగును. ఆ నలుపే ముఖ్యము. మనుష్యుని రక్తములో మలేరియా జీవి మిగుల్చు రేణువులకును వీనికిని భేదము లేదు. దోమ శరీరమున స్వతస్సిద్ధముగా అట్టివి ఉండవు. ఉన్నవన్నచో మలేరియా జీవి అచ్చట పెరుగుచున్నదనియే యర్థము. రాసు పెద్దగా నవ్వి వైద్యశాల సహాయకుని కేకవేసెను. అతడు మధ్యాహ్నపు నిద్రకై పోయియుండెను. మఱి పలుకువారు లేకపోగా ఆయన కూర్చుండి కణముల బొమ్మలు గీచి, వివరములు వ్రాసికొని, పలకను భద్రపఱచి, ఇంటికి పోయి ఒక గంట గాఢముగా నిద్రించెను.

నిద్ర లేవగనే ఒక ఆలోచన ఆయనను పట్టుకొనెను. చూచినది సజీవమే యైనచో అది పెరుగుచుండవలెను. మిగిలిన ఒక్క దోమలో మఱునాటికి ఆ కణములు ఇంకను పెద్దవై యుండవలెను. పెద్దవి కానిచో చూచినది ఏదియో వికారమేగాని సూక్ష్మజీవి కాదు. కాని ఆ దోమ రాత్రికి రాత్రి చచ్చి కుళ్ళినచో? అట్టి దోమలు మరల ఎప్పుడు దొఱకునో తెలియదు. రెండేండ్ల కృషియంతయు సీసాలోని ఒక దోమ ప్రాణముపై నిలిచెను. తెల్లవాఱెను, దోమ బ్రదికియుండెను. 21 వ తేదీన దానిని చీల్చి చూడగా అవే నల్లరేణువుల కణములు మునుపటికంటె పెద్దవై కనబడెను. ఆ సంతోషమును ఆయన పద్యరూపమున వ్రాసి భార్య రోసాకు పంపెను. శాస్త్రవ్యాసము ఆ యేడు డిసెంబరు 18 వ తేదీన బ్రిటిషు మెడికల్ జర్నలునందు ప్రకటితమయ్యెను. అందులో ఆయన తొందరపడలేదు; రెండు దోమలలో కనబడిన వింత కణములని మాత్రమే చెప్పెను.

పని ఇట్లు పండుచుండగా సెప్టెంబరులో ప్రభుత్వము ఆయనను బదిలీ చేసెను. రాజపుతానాలోని ఖేర్వారా అను ఊరు ఆయనకు దక్కెను. మలేరియా పరిశోధకునకు మలేరియా దాదాపుగా లేని ఊరు! దీనికి దురుద్దేశమేమియు లేదు. కార్యాలయముల వ్యవహారము అట్టిది. మాన్సను లండనునుండి పైవారికి నచ్చజెప్పగా 1898 లో రాసు కలకత్తాకు ప్రత్యేకోద్యోగముపై పంపబడెను. అచ్చట మనుష్యులకు బదులు పక్షుల మలేరియాను ఆయన పరిశీలించెను. మహమ్మదు బక్షు అను సహాయకుడు ఆయనకు కుడిభుజమై నిలిచెను. కడుపులో పెరిగిన కణములు పగిలి, వానిలోని సన్ననిపోగులవంటి జీవులు దోమ ఉమ్మిగ్రంథులలో చేరుచున్నవని జూలైలో తేలెను. దోమ కుట్టునప్పుడు ఉమ్మితోకూడ అవి రక్తములో ప్రవేశించును. ఆరోగ్యముగల పిచ్చుకలను అట్టి దోమలచే కుట్టింపగా వానికి మలేరియా వచ్చెను. త్రాగునీటిని గూర్చిన ఊహ అంతటితో రద్దయ్యెను. ఆ నెలలోనే ఎడింబరో వైద్యసభలో మాన్సను ఈ వార్తను ప్రకటించెను.

మనుష్యుల మలేరియాను మోయునది అనాఫిలిసు జాతి దోమ యని ఆ యేటి చివర ఇటలీలో గ్రాసియు ఆయన సహచరులును పూర్తిగా నిరూపించిరి. రాసు చూచిన చుక్కల ఱెక్కల దోమయు ఆ జాతిదే. ఎవరు ముందు, ఎవరు వెనుక అను తగవు వీరిరువుర నడుమ ఏండ్లకొలది సాగెను. ఈ తగవులో రాసు వాడిన మాటలు ఆయన కీర్తికి తగినవి కావు. గ్రాసి పనియు గొప్పదేనని నేటి శాస్త్రజ్ఞులు అంగీకరించుచున్నారు.

1899 లో రాసు భారతదేశమును విడిచి లివర్పూలు నగరమందలి ఉష్ణదేశ వైద్యవిద్యాలయమున చేరెను. 1902 లో ఆయనకు వైద్యశాస్త్రమున నోబెలు బహుమానము వచ్చెను. ఆ బహుమానమందిన మొదటి బ్రిటిషు పౌరుడాయనయే. 1911 లో సర్ బిరుదము లభించెను. పశ్చిమాఫ్రికాకును, సూయజు కాలువ ఒడ్డునగల ఇస్మాయిలియాకును పోయి, నిలువనీటిని తొలగించి దోమలను తగ్గించు మార్గమును ఆయన ప్రచారము చేసెను. బెంగుళూరున ఒకనాడు బోర్లించిన నీళ్ళతొట్టియే ఇప్పుడు నగరములకు పాఠమయ్యెను. దోమలు ఎంత తగ్గిన రోగ మెంత తగ్గునో సమీకరణములతో లెక్కగట్టి 1910 లో గ్రంథము వెలువరించెను. గణితముపై ఆయనకుగల మక్కువ ఇందు ఫలించెను. అంటురోగముల వ్యాప్తిని లెక్కించు నేటి శాస్త్రమునకు అది పునాదులలో నొకటి.

బేగంపేటలో ఆయన పనిచేసిన భవనము నేటికిని నిలిచియున్నది. పాత విమానాశ్రయమునకు చేరువనున్న ఆ భవనము ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సంబంధించిన సర్ రొనాల్డు రాసు పరాన్నజీవి శాస్త్ర సంస్థగా పిలువబడుచున్నది. బేగంపేటనుండి మెట్రోరైలు పడమరగా పోయి హైటెక్ సిటీ మీదుగా రాయదుర్గము చేరును. రాసు కాలమున రాళ్ళగుట్టలతో నిండియున్న ఆ ప్రాంతము, 1998 లో సైబర్ టవర్సు వెలసిన పిమ్మట, గాజుభవనముల నగరమయ్యెను. ఆగస్టు 20 వ తేదీని ప్రపంచమంతటను దోమల దినముగా పాటించుచున్నారు. ఇంతకాలమైనను మలేరియా సంపూర్ణముగా నశింపలేదు. మన మన్యములోని గిరిజన గ్రామములకు నేటికిని వర్షకాలములో వైద్యసిబ్బంది రక్తపరీక్షకై పోవుచునే యున్నారు. వారు పలకపై రక్తపుచుక్కను పఱచి, రంగు పట్టించి, డయాఫ్రమును తెఱచి వెదకునది రాసు వెదకిన జీవినే.

1926 లో లండనునందు రాసు పేరిట ఉష్ణదేశ రోగముల సంస్థయు వైద్యశాలయు స్థాపింపబడెను. మఱుసటి యేడు కలకత్తాలో ఆయన పనిచేసిన వైద్యశాలవద్ద స్మారకద్వారము నిర్మింపగా, వృద్ధుడైన రాసు స్వయముగా వచ్చి దానిని ఆవిష్కరించెను. 1931 లో భార్య మరణించెను. ఆ మఱుసటి సంవత్సరము సెప్టెంబరు 16 వ తేదీన ఆయన తన పేరిటి వైద్యశాలలోనే కన్నుమూసెను. లండనునందలి పట్నీవేలు శ్మశానవాటికలో భార్య సమాధి ప్రక్కనే ఆయనను సమాధి చేసిరి.